పోయిన మనిషి పెట్టుకున్న అర్జీ

"మీ ఆవిడ కోర్టులో అర్జీ పెట్టింది," అన్నాడు చీఫ్.

ఎదురు కుర్చీలోని ఏజెంట్ కదల్లేదు. ఆఫీసులో అతన్ని అందరూ గోడ అంటారు. గోడలకు చెవులుంటాయంటారు గానీ, ఈ గోడకు చెవులే తప్ప నోరు లేదని జూనియర్ల జోకు. పరాయి దేశాల ఇంటరాగేషన్ గదుల్లో ఎన్ని రకాలుగా తట్టి చూసినా అతని నుంచి పెచ్చు కూడా ఊడలేదు.

"మీ విడాకుల ఫైలు మొత్తానికీ సర్టిఫైడ్ కాపీ కావాలట. నిన్న అప్లికేషన్ ఇచ్చింది. రేపు మధ్యాహ్నం కాపీ ఇస్తారు."

"సార్, ఆవిడ పోయి రెండేళ్ళయింది."

"తెలుసయ్యా. అందుకే నిన్ను పిలిపించాను."

చీఫ్ ఒక ఫోటో బల్ల మీదికి తోశాడు. కోర్టు మెట్ల మీద బూడిద రంగు కోటు వేసుకున్న ఆడమనిషి. నల్లకళ్ళద్దాలు పెట్టినా అందం దాగడం లేదు. గోడ వెంటనే గుర్తుపట్టాడు. ఆమెను ఆర్టిస్ట్ అంటారు. ఇక్కడా జీతం పుచ్చుకుంటుంది, సరిహద్దు అవతలి గూఢచారి సంస్థ 'క్లబ్' దగ్గరా పుచ్చుకుంటుంది. నిజంగా ఎవరి మనిషో ఆమెకైనా తెలుసో లేదో.

"విడాకుల కాగితాలు కేసులో ఉన్నవాళ్ళకే ఇస్తారు. అందుకని మీ ఆవిడ పేరుతో ఐడీ కార్డు చేయించుకుంది," అన్నాడు చీఫ్. "గడియారాలాయన గుర్తున్నాడుగా?"

గుర్తుండకేం. అవతలి రాజధానిలో ఇరుకు సందులో గడియారాల రిపేరు షాపు. గోడ నాలుగుసార్లు సరిహద్దు దాటాడు. నాలుగుసార్లూ ఆ షాపు అటక మీదే పడుకున్నాడు. ఆ ముసలాయన ఇప్పటికీ అక్కడే ఉండి కబుర్లు పంపుతున్నాడు.

"క్లబ్ వాళ్ళకి ఆయన మీద అనుమానం వచ్చింది. అటక మీద ఎవరో మగమనిషి ఏయే రోజుల్లో ఉన్నాడో ఇంటి ఓనరమ్మ చెప్పేసింది. అది నువ్వేనేమోనని వాళ్ళ డౌటు. తేల్చుకోవాలంటే, ఆ రోజుల్లో నువ్వు ఇంట్లో ఉన్నావో లేవో తెలియాలి. మొగుడు ఇంట్లో లేని రోజులు పెళ్ళాం కంటే బాగా ఎవరికి గుర్తుంటాయి? ఊరికే 'ఇంటిపట్టున ఉండడు' అని రాస్తే జడ్జి పిటిషన్ మొహాన కొడతాడు. తారీఖులు వేసే ఉంటుంది. ఇంటిగుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా? అవీ ఇవీ కలిశాయంటే ముసలాయన్ని ఉరితీస్తారు." చీఫ్ గొంతు తగ్గించాడు. "అసలు అందులో ఏం రాసింది?"

"నేను చదవలేదు సార్."

"చదవలేదా?"

"సమన్లు వచ్చినప్పుడు మీరే వెళ్ళొద్దన్నారు, బోనులో నిలబెట్టి ప్రశ్నలడుగుతారని. నేను లేకుండానే ఎక్స్‌పార్టీగా తేల్చేశారు. తర్వాత చదవడానికి ధైర్యం చాల్లేదు."

చీఫ్ పేపర్ వెయిట్ పక్కకు జరిపి ముందుకు వంగాడు.

"ఫైలు మాయం చేస్తే మనం భయపడ్డామని తెలిసిపోతుంది. ఆమెను అరెస్టు చేసినా అంతే. ఫైలు అక్కడే ఉండాలి, అక్షరాలు ఉండకూడదు. ల్యాబ్ వాళ్ళు ఒక జిగురు తయారుచేశారు. రాసి ఆరనిస్తే సిరా ఎగిరిపోతుంది. చెమ్మకి వెలిసిపోయిందనుకుంటారు. నువ్వు ఫైళ్ళు కుట్టే బైండరు వేషంలో వెళ్తావు. పనైపోతే ఫోన్లో 'వాన వెలిసింది' అను చాలు."

విడాకుల ఫైలు ఎక్కడపడితే అక్కడ ఉండదు. మొగుడూ పెళ్ళాం ఆఖరిసారి ఎక్కడ కాపురం చేశారో ఆ ఊరి కోర్టులోనే ఉంటుంది. అందుకని మర్నాడు పొద్దున్న గోడ తను మళ్ళీ అడుగుపెట్టకూడదనుకున్న ఊళ్ళో బస్సు దిగాడు. పెట్టుడు మీసం, మాసిన చొక్కా, చేతిలో జిగురు డబ్బా, సంచిలో దబ్బనం, దారపు ఉండ. కోర్టుకు వెళ్ళే దారిలోనే వాళ్ళు అద్దెకున్న ఇల్లుంది. మేడ మీద కిటికీలో ఎవరిదో తువ్వాలు ఆరుతోంది. ఆ కిటికీలో నిలబడే ఆవిడ అతను వీధి మలుపు తిరిగేదాకా చూసేది. అతను తలెత్తకుండా నడిచాడు. అయినా మెడ వెనక ఆ చూపు తగులుతూనే ఉంది.

రికార్డు రూము కోర్టు భవనం అడుగున ఉంది. పైకప్పు దాకా ఇనుప ర్యాకులు, వాటి నిండా తాళ్ళతో కట్టిన కట్టలు, పాత కాగితం వాసన. రికార్డు కీపరు లావుపాటి మనిషి. వసపిట్టలా మాట్లాడతాడు.

"వచ్చావా బైండరూ! కూర్చో, కూర్చో. భయంగా ఉందా? కొత్తవాళ్ళకి అలాగే ఉంటుంది. పెళ్ళి ఫోటోలు ఇళ్ళల్లో ఉంటాయి, పెళ్ళిళ్ళ పోస్టుమార్టం రిపోర్టులు మా దగ్గరుంటాయి. వాటి కాపీలు కావాలని జనం వస్తూనే ఉంటారు. కేసు నంబరు చెప్తే నిమిషం, పేర్లు చెప్తే ఒక పూట, రెండూ తెలియకపోతే ఒక జన్మ!"

తన జోకుకి తనే నవ్వుకుని, ర్యాకుల మధ్యకి వెళ్ళి ఒక కట్ట తెచ్చి బల్ల మీద పడేశాడు. దుమ్ము లేచింది.

"ఇదిగో, ముందు దీని సంగతి చూడు. కుట్లు ఊడిపోయాయి. ఇవాళే కాపీ ఇవ్వాలట, పైనుంచి ప్రాణం తోడేస్తున్నారు. నేను టీ తాగొచ్చేలోపు కుట్టిపెట్టు."

అట్ట మీద ఇద్దరి పేర్లున్నాయి. మధ్యలో 'వర్సెస్' అని ఉంది. పెళ్ళి తర్వాత వాళ్ళిద్దరి పేర్లూ ఒక్కచోట ఉండగా అతను చూడటం అదే మొదటిసారి.

అట్ట తిప్పాడు. టైపు కాదు, ఆవిడ చేతిరాతే. వకీలును పెట్టుకోలేదన్నమాట. సామాన్ల చీటీ రాసినా ముత్యాల్లా పేర్చే ఆ గుండ్రటి అక్షరాలే. చదవకూడదనుకున్నాడు. మొహం పక్కకు తిప్పుకుని, బ్రష్షు జిగురులో ముంచి మొదటి పేజీ మీద రాశాడు, రెండో పేజీ మీదా రాశాడు. నీలం సిరా అంచుల్లో పలచబడటం మొదలైంది.

సరిగ్గా అప్పుడే పై వరండాలో బంట్రోతు గట్టిగా పిలిచాడు. ఆవిడ పేరు. కోర్టులో పిలిచినట్టు సాగదీసి, ఒకటికి మూడుసార్లు.

"ఉన్నాను!" అని ఆడగొంతు పలికింది.

గోడ చేతిలో బ్రష్షు ఆగిపోయింది. అది ఆర్టిస్ట్ గొంతని తెలుసు. తెలిసినా గుండె ఆగినంత పనైంది. రెండేళ్ళుగా ఆ పేరు పైకి అనడానికే అతనికి నోరు రాలేదు. ఇప్పుడు ఎవరో పిలిస్తే ఎవరో పలికారు. తట్టుకోలేక తల వంచాడు. వంచిన తల కింద రెండో పేజీ ఉంది. చదివేశాడు.

'నా భర్త ఇల్లు విడిచి ఎక్కడికీ వెళ్ళరు. నా బాధ కూడా అదే. ఈ కింద రాసిన రోజుల్లో ఆయన తప్పతాగి ఇంట్లోనే పడి ఉన్నారు, నా మీద చెయ్యి కూడా చేసుకున్నారు. ఇందుకు మా తమ్ముడు సాక్షి.'

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. జీవితంలో చుక్క ముట్టినవాడు కాదు. ఆవిడ మీద చెయ్యెత్తడం మాట అటుంచి, గొంతు కూడా ఎత్తలేదు. విడాకులు కావాలంటే మాత్రం ఇంత అబద్ధమా? దేవుడి మీద ప్రమాణం చేసి మరీనా?

కింద తారీఖులున్నాయి, నాలుగు వరసల్లో.

మొదటి వరస చదివాడు. రెండోది చదివాడు. మూడో వరస దగ్గర అతని కోపం చప్పున చల్లారిపోయింది. అవి గడియారాలాయన అటక మీద పడుకున్న రోజులు. బయల్దేరిన రోజు నుంచి తిరిగొచ్చిన రోజు దాకా, ఒక్కటి కూడా తప్పలేదు.

ఆవిడకు అంతా తెలుసు. ఎక్కడికి వెళ్ళాడో తెలియకపోవచ్చు, ఎందుకు వెళ్ళాడో తెలియకపోవచ్చు. ఆ రోజుల్లో ఇంట్లో లేడని ఎవరికీ తెలియకూడదన్న సంగతి మాత్రం తెలుసు. అతను ఆడిట్ పని అని చెప్పేవాడు, ఆవిడ నమ్మినట్టు తల ఊపేది. అతనితో మాట్లాడటం గోడకు చెప్పుకున్నట్టేనని ఏడ్చిన మనిషి, ఆ కాపురం ఇక తన వల్ల కాదని వెళ్ళిపోతూ కూడా, అతను ఇంట్లోనే ఉన్నాడని కోర్టులో ప్రమాణం చేసి వెళ్ళింది. వెనక పేజీలో బావమరిది వాంగ్మూలం కూడా ఉంది: 'బావను నేనే మోసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టాను.' ఎదురుపడితే మొహం తిప్పుకునే ఆ బావమరిది!

గోడ ఏడ్చాడు. బల్ల మీద మోచేతులాన్చి, నోట్లో చొక్కా అంచు కుక్కుకుని ఏడ్చాడు.

కళ్ళు తుడుచుకునేసరికి మొదటి వరస సగం మాయమైంది.

అప్పుడు తెలివొచ్చింది. గడియారాలాయన్ని కాపాడే సాక్ష్యం ఈ భూమ్మీద ఇదొక్కటే. దాన్ని తనే తన చేతులతో చెరిపేస్తున్నాడు. చుట్టూ చూశాడు. కిటికీలో రికార్డు కీపరు మంచినీళ్ళ కూజా ఉంది. ఒక్క అంగలో వెళ్ళి తెచ్చి, మొత్తం ఫైలు మీద కుమ్మరించాడు. జిగురు తెల్లగా నురగ కక్కి కారిపోయింది. అక్షరాలు నీలం పోయి బూడిద రంగులో నిలబడ్డాయి. మసకగానే ఉన్నా చదవొచ్చు.

"ఓరి నీ దుంప తెగ!" గుమ్మంలో రికార్డు కీపరు కేక పెట్టాడు. "నిన్ను కుట్టమన్నానా, ఉతకమన్నానా?"

"జిగురు ఒలికిపోయిందండీ. కడిగేద్దామని..."

"కోర్టు రికార్డు కడుగుతావట్రా! నా ఉద్యోగానికి నీళ్ళొదిలావు కదరా!"

ఇద్దరూ కలిసి ఆ పేజీలను ఫ్యాను కింద పరిచారు. రికార్డు కీపరు అట్టముక్కతో విసురుతూనే ఉన్నాడు, తిడుతూనే ఉన్నాడు. కాపీ సెక్షన్ మూసేవేళకు కాగితాలు అప్పడాల్లా ముడతలు పడి ఆరాయి. జిరాక్స్ మిషన్ దగ్గరి కుర్రాడు సణుక్కుంటూనే ఇంకు డోసు పెంచి తీశాడు. సూపరింటెండెంటు సీలు వేశాడు. కాపీ సెక్షన్ కిటికీలోంచి కాపీ బూడిద రంగు కోటు చేతికి వెళ్ళింది.

గోడ వరండా చివర డబ్బా సర్దుకుంటున్నాడు. ఆర్టిస్ట్ బెంచీ మీద కూర్చుని అక్కడే చదివింది. రెండో పేజీ మళ్ళీ చదివింది. లేచి గుమ్మం వైపు నడుస్తూ, అతని ముందుకు రాగానే ఆగిపోయింది.

"మీసం ఒక పక్క ఊడింది," అంది మెల్లగా.

గోడ చెయ్యి మీసం మీదికి పోయింది. కన్నీళ్ళకి అంటు వదిలిందన్నమాట. నడిసముద్రం ఈది ఒడ్డున మునిగినట్టయింది. తను ఇక్కడ ఉన్నాడని క్లబ్‌కు తెలిస్తే ఫైలంతా నాటకమనుకుంటారు.

"నిన్ను పంపారంటే ఈ కాగితాలకి విలువ ఉందన్నమాట," అందామె. కళ్ళద్దాలు తీసి సూటిగా చూసింది. "ఇందులో ఉన్నది నిజమేనా?"

అబద్ధం చెప్పడం అతని వృత్తి. అయినా ఇంత బరువైన అబద్ధం ఎప్పుడూ ఎత్తలేదు.

"నన్నెవరూ పంపలేదు," అన్నాడు. "ఎవరో కాపీ అడిగారని తెలిసింది. మా ఆఫీసులో చూస్తే నా మొహాన ఉమ్మేస్తారు. చింపేద్దామని వచ్చాను. చేతకాలేదు."

"కొట్టేవాడివా?"

"ఆవిడ తక్కువే రాసింది."

"ఇప్పుడెక్కడుంది?"

"పోయింది."

"నీ వల్లేనా?"

ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు అతను మరో దేశంలో మరో పేరుతో ఉన్నాడు. కబురు అందేసరికి అంతా అయిపోయింది.

"నా వల్లే," అన్నాడు. ఆ రోజు అతను చెప్పిన నిజం అదొక్కటే.

ఆర్టిస్ట్ అతని ఎర్రబడ్డ కళ్ళలోకి చూసింది. ఎన్నో దేశాల్లో ఎందరినో మోసం చేసిన ఆ అందమైన మొహం అసహ్యంతో ముడుచుకుంది.

"నువ్వు హీరోవనుకున్నారయ్యా మావాళ్ళు," అంది. "తాగి ఇంట్లో పడుండేవాడికి సరిహద్దు దాటే మొహమా!"

కోటు సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. గోడ వీధి చివరి ఫోన్ దగ్గరికెళ్ళి 'వాన వెలిసింది' అని మాత్రం చెప్పి పెట్టేశాడు.

నెల తిరక్కుండానే గడియారాలాయన నుంచి కబురొచ్చింది. షాపు ఎదురుగా కాపలా కాసే మనుషులు వెళ్ళిపోయారట, వ్యాపారం బాగుందట. అప్పటికే గోడ నోట జరిగిందంతా విన్న చీఫ్ తలుపు వేసి అడిగాడు: "కోర్టు రికార్డులో నీ పేరు మీద ఈ తాగుడు, కొట్టుడు మచ్చ ఉండిపోతుంది. కోర్టుకి చెప్పి రహస్యంగా సరిచేయించమంటావా?"

"వద్దు సార్. ఆవిడ మాట అలాగే ఉండనివ్వండి. ఒక్కరోజు సెలవు కావాలి."

ఈసారి మీసం పెట్టుకోలేదు. సొంత పేరుతో, సొంత ఐడీ కార్డుతో కాపీ సెక్షన్ కిటికీ ముందు నిలబడ్డాడు. అప్లికేషన్‌లో 'ఏ నిమిత్తం' అన్న చోట ఏం రాయాలో తోచక 'సొంతానికి' అని రాశాడు. సాయంత్రానికి కాపీ తయారైంది. కిటికీ వెనక పెద్దావిడ సీలు సరిచూసుకుంటూ రెండో పేజీ చదివింది. కళ్ళజోడు పైనుంచి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇప్పుడైనా తాగుడు మానేశావా, నాయనా?"

గోడ కాగితాలు రెండు చేతులా అందుకున్నాడు.

"మా ఆవిడ మాన్పించిందండీ," అన్నాడు.