ఒక్క ‘ణ’

“ఈ పనికి నువ్వొద్దురా. వాళ్ల చేతిలో ఉన్న డాక్టరమ్మ నీ సొంత అక్క. చేతులు వణుకుతాయి,” అన్నాడు పెద్దనాన్న.

“వణికితే జేబులో పెట్టుకుంటాను,” అన్నాడు బావ.

ఈ పెద్దనాన్న ఎవరికీ పెద్దనాన్న కాదు, గూఢచారి విభాగానికి చీఫ్. బావ అక్కడ ఏజెంటు. ఫోన్లు ఎవడు విన్నా ఇంటి గొడవలే అనుకోవాలని ఆ ఆఫీసులో అందరికీ చుట్టరికాలే కోడ్ పేర్లు. డాక్టరమ్మ ఒక్కతే ఈ కథలో అసలైన చుట్టం. అమ్మ పోయాక బావను పెంచింది ఆవిడే. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి డిక్టేషన్ చెప్పేది. ‘ణ’ రాయాల్సిన చోటల్లా ‘న’ రాసేవాడు మనవాడు. స్కేళ్లు విరిగాయి గానీ ఆ అక్షరం మాత్రం ఒంటబట్టలేదు.

గోడ మీది మ్యాపులో పెద్దనాన్న వేలు సరిహద్దు దాటి ఒక చుక్క దగ్గర ఆగింది.

“ఆస్పత్రిని శత్రుదేశపు సైన్యం చుట్టుముట్టింది. గాయపడ్డవాళ్లనీ డాక్టరమ్మనీ నేలమాళిగలో పడేశారు. అంతర్జాతీయ పరిశీలకులు సరిహద్దు గేటు దగ్గరే కాచుకుని ఉన్నారు. ఒప్పందం ప్రకారం మన మంత్రి ‘విచారణ కోరుతున్నాం’ అని నలుగురి ముందూ అంటే చాలు, గేటు తెరవాల్సిందే. అనకపోతే ఈ సాయంత్రానికి నేలమాళిగ ఖాళీ. ఒక్క సాక్షి మిగలడు.”

“మంత్రిగారు అంటారుగా?”

“కాసేపట్లో ప్రెస్‌మీట్. అననివ్వకుండా చేయడానికి వాళ్ల గూఢచారి ముఠా మన మంత్రిత్వ శాఖలోనే దూరింది. ఎవడో, ఎలాగో తెలీదు. మరదలు చెబుతుందట. హోటల్ లాబీకి వెళ్లు.”

పెద్దనాన్న సొరుగులోంచి ఒక పెన్ను తీసి ఇచ్చాడు. మంత్రిగారికి వినికిడి తక్కువ, చెవిలో మిషన్ ఉంటుంది. ఆయన విదేశీ అతిథుల పేర్లు మర్చిపోయి పరువు తీస్తున్నారని విభాగంవాళ్లే ఈ పెన్ను తయారు చేశారు. దగ్గర్లో నిలబడి ఇందులో గొణిగితే అది మంత్రిగారి చెవిలో మోగుతుంది.

మరదలు శత్రుదేశపు రాయబార కార్యాలయంలో దుబాసీ. జీతం అక్కడ, సమాచారం ఇక్కడ. ఆవిడ లాబీలో నడిచొస్తే చూసేవాళ్ల కాఫీలు చల్లారిపోతాయని విభాగంలో జోకు. ఆ రోజు మాత్రం ఆవిడ కళ్లు ఉబ్బి ఉన్నాయి. తెల్లగడ్డం, చేతికర్రతో బావ ఎదురు కుర్చీలో కూలబడ్డాడు.

“ఆ కుర్చీ మా ఆయనది,” మరదలు కోడ్ పలికింది.

“ఆయన రాడమ్మా, రైలు తప్పింది,” బావ జవాబిచ్చాడు.

“గడ్డం జారింది, సరిచేసుకో. టైం లేదు. మీ మంత్రిగారి ప్రెస్ సలహాదారు మావాళ్ల మనిషి. టెలీప్రాంప్టర్‌లో మాట మార్చేశాడు. ‘విచారణ కోరుతున్నాం’ తీసేసి ‘విచారం వ్యక్తం చేస్తున్నాం’ అని పెట్టాడు.”

మొదటిది నిలదీయడం, రెండోది నిట్టూర్చి ఊరుకోవడం. మంత్రిగారేమో తెర మీద ఏముంటే అది చదివేసే మనిషి. ఒకసారి ‘ఇక్కడ ఆగి నీళ్లు తాగాలి’ అని కూడా చదివేశారు.

లేవబోతూ ఆగాడు. “మొన్న దుబాసీగా నిన్ను ఆ ఆస్పత్రికి తీసుకెళ్లారటగా. అక్కను చూశావా?”

మరదలు కప్పులోకి చూసింది. “చూశాను. బతికే ఉంది. నీకోసమే ఎదురుచూస్తోంది. పరిగెత్తు బావా.”

పరిగెత్తాడు. టాక్సీలోనే గడ్డం పీకేసి సౌండ్ టెక్నీషియన్ చొక్కా తొడుక్కున్నాడు. పెద్దనాన్నకు ఫోన్ చేస్తే, మంత్రిగారి ఫోన్ సలహాదారు చేతిలోనే ఉందని తెలిసింది. హాలు చేరేసరికి మంత్రిగారు మైకు ముందు గొంతు సవరించుకుంటున్నారు. సలహాదారు స్టేజీ పక్కన చేతులు కట్టుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు.

“ఎవరయ్యా నువ్వు?” గార్డు అడ్డం పడ్డాడు.

“మైకులో గరగర వస్తోంది సార్. మంత్రిగారి మాట వినపడకపోతే మీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ ఊడతాయి.”

గార్డు గబుక్కున తప్పుకున్నాడు. బావ వైర్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని పెన్ను నోటి దగ్గర పెట్టుకున్నాడు. చేతులు నిజంగానే వణుకుతున్నాయి.

“ఆస్పత్రి ఘటనపై మా ప్రభుత్వం,” మంత్రిగారు తాపీగా చదువుతున్నారు, “తీవ్ర విచా... ర...”

“ణ!” అన్నాడు బావ. “విచారణ అనండి సార్! విచారణ కోరుతున్నాం! ణ!”

మంత్రిగారు ఉలిక్కిపడ్డారు. తెర చూశారు, చెవి తడుముకున్నారు. చెవిలో మాట వినకపోతే పరువు పోతుందని ఆయనకు అనుభవమే.

“...ణ కోరుతున్నాం!” అని గట్టిగా ముగించారు.

‘తీవ్ర విచారణ’ ఏమిటని విలేకరులు నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు. సలహాదారు వెనక గుమ్మం దగ్గరే దొరికిపోయాడు. సరిహద్దు గేటు తెరుచుకుంది.

సాయంత్రం ఆఫీసు టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడ్డాడు బావ. స్ట్రెచర్లు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. కట్లు కట్టిన చేతులు, ఎండకు మూసుకుపోతున్న కళ్లు. అందరూ బతికే ఉన్నారు. ఆఖరి స్ట్రెచరూ వెళ్లిపోయింది. తెల్లకోటు మాత్రం రాలేదు.

వెనక కుర్చీలో మరదలు కూర్చుని ఉంది. గుట్టు బయటపడింది కాబట్టి ఆవిడకిక ఆ ఉద్యోగమూ లేదు, ఆ దేశమూ లేదు.

“అక్క ఏది?”

“లేదు బావా. మొన్ననే పోయింది. తనకీ బుల్లెట్ తగిలింది. ఉన్న మందులన్నీ గాయపడ్డవాళ్లకే వాడేసింది. నేను పక్కనే ఉన్నాను.”

“బతికే ఉందన్నావు!” బావ చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలియక దించేశాడు.

“ఆవిడే చెప్పమంది. ‘నేను పోయానని తెలిస్తే వాడు మూల కూర్చుని ఏడుస్తాడు, ఇక దేనికీ పనికిరాడు. ఉన్నానని చెప్పు, పరిగెత్తుకుంటూ వస్తాడు’ అంది. అబద్ధాలాడటమే నా వృత్తి బావా. ఇంత కష్టమైనది మాత్రం ఎప్పుడూ ఆడలేదు.”

అక్క అంచనా తప్పలేదు. బావ మూలకెళ్లి కూర్చుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఎవరూ ఆపలేదు.

చాలాసేపయ్యాక పెద్దనాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. “డాక్టరమ్మ గురించి మంత్రిగారు రేపొక మాట చదవాలిరా. సలహాదారేమో లాకప్పులో ఉన్నాడు. ఎవరిచేత రాయించాలో...”

“నేను రాస్తాను.”

‘గాయపడినవారి ప్రాణాలు నిలిపిన డాక్టర్ మరణానికి మా ప్రభుత్వం తీవ్ర విచారం వ్యక్తం చేస్తోంది’ అని రాశాడు. పొద్దున ఏ మాట రాకూడదని అంత పోట్లాడాడో, ఇప్పుడు ఆ మాటే సరైనది.

పెద్దనాన్న కళ్లజోడు పెట్టుకుని, ‘ప్రాణాలు’ దగ్గర ఒకసారి, ‘మరణానికి’ దగ్గర ఒకసారి వేలు ఆపి చదివాడు.

“తప్పుల్లేవురా,” అన్నాడు.

డిక్టేషన్‌లో బావకు నూటికి నూరు రావడం అదే మొదటిసారి. మార్కులు వేసే మనిషే లేదు.