గట్టుపిల్లులు

పన్నెండు గట్టుపిల్లుల్ని డాక్టర్ కమలాకర్ సరస్సులోకి వదులుతుంటే, ఏసుమణి కర్ర పట్టుకుని గట్టు మీద నిలబడి చూసింది. గట్టు కాపలా ఆమె ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా కర్రతో నేలను మూడుసార్లు కొట్టి, బోర్లా పడుకుని, చెవి ఆనించి, లోపల నీరెక్కడ కారుతోందో వింటోంది. ఈ జంతువులు పనికొస్తే నెలాఖరుకి ఆ ఉద్యోగం ఊడుతుంది.

గట్టుపిల్లి ల్యాబ్‌లో పుట్టింది. ముంగిసంత ఒళ్లు, బాతుకున్నట్టు పొరల వేళ్లు, నీళ్లలో మూసుకునే ముక్కు. పిల్లలకు పాలిస్తుంది, గుర్రపుడెక్క తింటుంది. అరమైలు దూరాన సన్నటి కన్నంలోంచి నీరు కారినా దానికి వినిపిస్తుంది. బురదా డెక్కా కుక్కి ఆ కన్నం మూసేదాకా ఊరుకోదు.

"ఇక మనిషితో పనిలేదమ్మా. ఆర్నెల్లు మీ వెంట తిరిగి అన్నీ నేర్చుకున్నాయి," అన్నాడు కమలాకర్.

"నేర్చుకోనీండి సార్. పోయేది నా కూడే కదా," అంది ఏసుమణి. కడుపు మండింది గానీ ఆ బొచ్చుమొహాల మీద కోపం రాలేదు. తన ఒళ్లో పెరిగినవే మరి.

భాద్రపదంలో ముసురు పట్టింది. నీళ్లు గట్టు అంచుకొచ్చి, లోపలెక్కడో కారడం మొదలైంది. గట్టు కింద మూడొందల ఇళ్లు, అందులో ఏసుమణిదొకటి. గట్టుపిల్లులు ఒడ్డెక్కి చెవులు రిక్కించాయి. కదల్లేదు.

"వింటున్నాయి! మరి దూకవేం?" అన్నాడు కమలాకర్.

అవి ఏసుమణినే చూస్తున్నాయి. ఆమెకు అర్థమైంది. ఊరుకుంటే ఉద్యోగం నిలుస్తుంది, ఊరు మునుగుతుంది. కర్రెత్తి మూడు దెబ్బలు వేసి బోర్లా పడుకుంది. పన్నెండూ ఒక్కసారే నీళ్లలోకి దూకాయి. అరగంటలో కారడం ఆగింది.

"ఆర్నెల్లూ నేను కొట్టాకే కదండీ పని మొదలయ్యేది. అదీ నేర్చుకున్నాయి," అందామె.

కమలాకర్ కర్ర కొట్టే మెషిన్ పెట్టి చూశాడు. అవి తలైనా తిప్పలేదు. పట్టుదలకు పోయి, రెండో జట్టును ల్యాబ్ తొట్టిలో తానొక్కడే పెంచాడు. కర్ర లేదు, పిలుపు లేదు. నీరు కారే గొట్టం తిప్పేముందు కళ్లజోడు తుడుచుకోవడం మాత్రం ఆయనకు చిన్నప్పటి అలవాటు.

మరుసటి భాద్రపదంలో ఆయన గొడుగు లేకుండా ఉత్తరపు గట్టు మీద నిలబడి, తడిసిన చొక్కా అంచుతో కళ్లజోడు తుడుస్తున్నాడు. తుడిచినప్పుడల్లా రెండో జట్టులోని పన్నెండు గట్టుపిల్లులూ దూకుతున్నాయి. మానేస్తే ఒడ్డున కూర్చుని ఆయన మొహంలోకి చూస్తున్నాయి.

"కాస్త కూర్చోండి సార్, పొద్దున్నించీ నిలబడ్డారు," అని అటుగా వచ్చిన ఏసుమణి తన గోనెపట్టా తీసి ఆయన తలమీద కప్పింది.

నిరుటిదాకా ఆ సరస్సుకు కాపలా ఒక్కరే. ఇప్పుడు ఇద్దరు.