చివరి వరుస సీట్లు

ఆ సంచి విప్పకుండా ఉన్నా బాగుండేది! కత్తెర కోసం అత్తగారి కుట్టుమిషను పక్కనున్న గుడ్డసంచిలో చెయ్యి పెట్టింది కోడలు. కత్తెర తగల్లేదు, మందపాటి గుడ్డ తగిలింది. లాగి చూస్తే సీటు కవరు! బూడిద రంగు గుడ్డ, అంచు పొడవునా ఎర్ర దారం. కొత్తగా కొన్న పాత బండికి అత్తగారు కుడుతున్న కవర్లలో ఒకటి. మధ్య వరుసవి నిన్ననే తొడిగేశారు. మరి ఇవి ఇంత చిన్నవేమిటి? వీపు ఇంత పొట్టిగా ఉందేమిటి? రెండోది కూడా బయటికి తీసేసరికి ఆమెకు అర్థమైంది. ఇవి చివరి వరుస సీట్ల కవర్లు! ఆ సీట్లు బండిలో లేనే లేవు. "అవి ఇక బాగుపడవట, మెకానిక్ చెప్పాడు" అని ఇంట్లో అందరికీ చెప్పింది తనే. పాపం, మెకానిక్ ఆ మాట కలలో కూడా అనలేదు...

ఆమె కుట్టుమిషను ముందు అలాగే కూలబడిపోయింది.

ఇంతకు ముందు వాళ్ళకో చిన్న కారు ఉండేది. అత్తగారికి కారెక్కితే కడుపులో తిప్పుతుంది, అందుకని ఆవిడ ఎప్పుడూ ముందు సీట్లో, కొడుకు పక్కన. కోడలు వెనకాల, కవల పిల్లలనూ పెద్దాణ్ణీ వేసుకుని, అగ్గిపెట్టెలో పుల్లలా. ఒకరి మోచేయి పక్కటెముకల్లో, ఇంకొకరి తల ఒళ్ళో, కవలల కాన్పు నుంచీ వదలని నడుంనొప్పి సరేసరి! ముందు నుంచి అత్తగారి ఆజ్ఞలు ఆగేవి కావు. "మెల్లిగారా... ముందు లారీ ఉంది... బ్రేకు, బ్రేకు!" పిల్లలు ఆవిడకు 'బ్రేకుల నాయనమ్మ' అని పేరు కూడా పెట్టేశారు. అందరూ నవ్వేవారు, కోడలూ నవ్వేది. కానీ మనసులో ఒక్కటే కోరిక... ఒక్కసారి, ఒకే ఒక్కసారి, భర్త పక్కన కూర్చుని, కాళ్ళు బారజాపుకుని ప్రయాణం చెయ్యాలని! అది నోరు తెరిచి ఎవరితో చెప్పగలదు? వింటే నవ్విపోరూ?

పిల్లలు ఎదిగాక చిన్న కారు చాలక, ఉన్నంతలో ఈ పెద్ద బండి కొన్నారు. చేతులు మారిన బండి, తలుపు మీద సొట్ట, బ్రేకులు వేస్తే మూలుగు. "ఏది ముందు చేయించాలో, ఏది వదిలేయాలో నువ్వే చూడు. నాకంటే నీకే పొదుపు తెలుసు" అని భర్త మరమ్మతు పనంతా ఆమె మీదే పెట్టాడు. ఆమె కూడా పైసాపైసా లెక్క చూసింది. బ్రేకులు, టైర్లు ముందు. ఏసీ తర్వాత. సొట్ట అసలొద్దు, దిష్టికి ఉండనీ! మెకానిక్ భర్తకు చిన్ననాటి స్నేహితుడు, ఆమెకు వరసకు అన్నయ్య. చివరి వరుస చూపించి అతను, "లాకులు తుప్పు పట్టాయి చెల్లెమ్మా. మారిస్తే చాలు, పెద్ద ఖర్చేమీ కాదు" అన్నాడు.

ఆ క్షణాన ఆమెకు ఏ దెయ్యం పట్టిందో! ఆ సీట్లు లేకపోతే బండిలో ఐదుగురికే చోటు. ఆరో మనిషి...

"వద్దన్నయ్యా. తీసి పక్కన పెట్టెయ్. సామానుకి చోటుంటుంది" అనేసింది.

ఇంట్లో చెప్పినప్పుడు భర్త మొహం వాడిపోయింది. "అయ్యో, అందరం సముద్రానికి వెళ్దామనుకున్నాం కదా, మరి అమ్మ?" అన్నాడు. అత్తగారే అందుకుని, "నాకు దూరప్రయాణాలు పడవురా. మీరు సముద్రం చూసి రండి, నేను ఇల్లు చూసుకుంటా" అన్నారు. అక్కడితో అయిపోతే అదొక చిన్న పాపం. కానీ ఆ వారమే ఆడపడుచు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. కడుపుతో ఉన్న పిల్ల, డాక్టరు మంచం దిగొద్దన్నాడట! సముద్రం ప్రయాణం కాస్తా ఆడపడుచు ఇంటి ప్రయాణమైంది. కూతుర్ని చూడాలని ఆ తల్లి ప్రాణం ఎంత కొట్టుకుందో... పైకి మాత్రం, "నా బదులు దాని తల నువ్వే నిమిరి రావే" అని కోడలికి అప్పజెప్పారు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా! చెప్పలేకపోయింది. అబద్ధం చేపముల్లులా గొంతులో అడ్డం పడింది. మింగనూలేదు, కక్కనూలేదు.

ఇప్పుడు ఆ కవర్లను ఒళ్ళో పెట్టుకుని నిమురుతుంటే ఆమెకు మరో సంగతి తట్టింది. అత్తగారు ముప్ఫై ఏళ్ళు బట్టలు కుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. తన చేత్తో కొలత తీయనిదే కత్తెర పట్టరు. "ఎవరో చెప్పిన కొలతకు కుడితే ఎవరికో సరిపోతుంది" అనేది ఆవిడ మాట. మరి ఈ సీట్ల కొలత ఎక్కడిది? సీట్లు ఇంటికి రానేలేదే! అవి ఉన్నది మెకానిక్ షెడ్డులో. అంటే... గుండీలు కొనుక్కొస్తానని మొన్న బయటికి వెళ్ళిన అత్తగారు వెళ్ళింది అక్కడికా? మెకానిక్ ఏం చెప్పి ఉంటాడు?

వెంటనే మెకానిక్‌కి ఫోన్ చేసింది. "అవును చెల్లెమ్మా, వచ్చారు" అన్నాడు అతను అమాయకంగా. "బాగుపడవన్నావట కదా నాయనా అన్నారు. నేనెందుకంటానమ్మా, చెల్లెమ్మే వద్దంది అన్నా. తర్వాత టేపు తీసి కొలతలు రాసుకున్నారు. పోతూ పోతూ దుమ్ము పడకుండా తన శాలువా తీసి ఆ సీట్ల మీద కప్పి వెళ్ళారు."

ఫోన్ పెట్టేసి తలెత్తితే గుమ్మంలో అత్తగారు! కోడలి ఒళ్ళో కవర్లు, కళ్ళలో నీళ్ళు... ఇక దాచడానికి ఏముంది?

"అత్తయ్యా... మీకు తెలుసు! తెలిసి కూడా ఒక్కమాట అనలేదే! నన్ను తిట్టండి, కొట్టండి... పాపిష్టిదాన్ని! ముందు సీటు కోసం, ఒక్క సీటు కోసం, తల్లీకూతుళ్ళ మధ్య అడ్డం పడ్డాను!"

"ముందు సీటు కోసమా?" అత్తగారు నిజంగానే తెల్లబోయారు. వచ్చి కోడలి పక్కన నేల మీద కూర్చున్నారు. "నేనంటే గిట్టక చేశావనుకున్నానే. ఎప్పటికైనా నీ మనసు మారకపోతుందా అని కుట్టడం మాత్రం మానలేదు. ఎన్నాళ్ళ నుంచి గిట్టడం లేదా అని కుడుతున్నంతసేపూ అదే ఆలోచన... సీటు కోసమా, పిచ్చిదానా!"

"మీరంటే గిట్టకపోవడమేమిటత్తయ్యా..."

"ఊరుకో. ఆ సంచి అడుగున ఇంకోటి ఉంది, తియ్యి."

అది ముందు సీటు కవరు, డ్రైవరు పక్క సీటుది. నడుం తగిలే చోట లోపల దూది కూరి, దిండులా ఎత్తుగా కుట్టారు. కోడలు దాన్ని పట్టుకుని అర్థంకానట్టు చూసింది.

"నీ నడుంకే" అన్నారు అత్తగారు. "బండి కొన్న రోజే అనుకున్నా, ఇందులో నువ్వు ముందు, నేను చివర అని. నేను పొట్టిదాన్ని, ఆ సీటుకి సరిపోతా. మోకాళ్ళు మడిచి కూర్చోవడం అలవాటవ్వాలి కదా అని..."

కోడలికి చప్పున గుర్తొచ్చింది. ఈమధ్య అత్తగారు కుర్చీ మానేసి, వంటింట్లో చిన్న పీట మీద మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూర్చుంటున్నారు. "కీళ్ళు పట్టేస్తాయి, తర్వాత నేనే కదా చాకిరీ చెయ్యాలి" అని తను విసుక్కుంది కూడా! భగవంతుడా... ఆమె అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని భోరుమంది.

"అన్నేళ్ళు ముందు కూర్చున్నది నేను కాదూ?" అన్నారు అత్తగారు, ఆమె తల నిమురుతూ. "కడుపులో తిప్పుతుందని మొదట్లో కూర్చోబెట్టారు. తర్వాత లెమ్మని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు. నువ్వు ఒక్కసారి నోరు తెరిచి అడగాల్సింది. నేను ఒక్కసారి వెనక్కి తిరిగి చూడాల్సింది. అయినా నువ్వు చేసింది తప్పేనే. కాదనను. నాకు కష్టం కలిగింది."

ఆ చివరి మాట తిట్టు కంటే ఎక్కువగా తగిలింది కోడలికి. క్షమించానని చెప్పి ఉంటే ఇంత ఏడుపు వచ్చేది కాదేమో.

ఆ మధ్యాహ్నమే మెకానిక్ కాళ్ళావేళ్ళా పడి లాకులు మార్పించింది. సాయంత్రం ఇంటికొచ్చిన భర్త సీట్లు చూసి, "ఇవి బాగుపడవన్నారుగా?" అన్నాడు. ఒక్క ముక్క దాచకుండా చెప్పేసింది. అతను కొత్త లాకును ఒకసారి నొక్కి చూశాడు. "పక్క సీట్లో ఎవరున్నారో రోజూ చూసేవాణ్ణి. ఎవరు లేరో చూడలేదు" అని మాత్రం అన్నాడు.

మర్నాడు పొద్దున్న కోడలు తిన్నగా వెళ్ళి చివరి వరుసలో కూర్చుంది. "నేనిక్కడే కూర్చుంటా. మీరు ముందుకెళ్ళండి అత్తయ్యా. నాకీ శిక్ష పడాల్సిందే."

"శిక్షే కావాలా?" అన్నారు అత్తగారు, చేతిలో నిమ్మకాయ వాసన చూసుకుంటూ. "అయితే లేచి ముందు సీట్లో కూర్చో. ఆ దిండు నీ నడుంకి కుట్టింది, ఇంకెవరికీ నప్పదు. పైగా వాడు బ్రేకు ఆలస్యంగా వేస్తాడు. వెనక నుంచి నాకు రోడ్డు కనిపించదు. ఇక నువ్వే చూసి చెప్పాలి."

బండి ఊరు దాటింది. అన్నేళ్ళు కలలుగన్న సీటు! కాళ్ళు బారజాపుకోవచ్చు, పక్కన భర్త, నడుంకి మెత్తగా దిండు... ఆ దిండు తగిలినప్పుడల్లా ఆమె కళ్ళు చెమ్మగిల్లుతున్నాయి. అద్దంలో చూస్తే, చివరి వరుసలో ముడుచుకుని కూర్చున్న అత్తగారు కనిపిస్తున్నారు.

"అత్తయ్యా, ఎలా ఉంది? తిప్పుతోందా?"

"హాయిగా ఉందే" అన్నారు అత్తగారు, నిమ్మకాయ ముక్కు దగ్గర నుంచి తీయకుండానే.

ఇంతలో మలుపులో లారీ ఎదురైంది. "మెల్లిగా! బ్రేకు, బ్రేకు!" అని అరిచింది కోడలు, తనకు తెలియకుండానే. వెంటనే కవలలు పకపకా నవ్వారు.

"ఆఁ... అలాగే చెబుతూ ఉండు" అని అత్తగారు వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. కూతురి ఊరు ఇంకా దూరం ఉంది. కోడలు రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.