బుధవారం పుట్టిన క్వేకు

సోమవారం ఉదయం ఘనా రాజధాని అక్రా నడిరోడ్డు మీద, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర బెర్నిస్ టెచీని కాల్చి చంపారు. మోటార్‌సైకిల్ మీద వచ్చినవాడు హెల్మెట్ తీయలేదు. పోతూ పోతూ ఆమె లాప్‌టాప్ పట్టుకుపోయాడు.

గురువారం మధ్యాహ్నం అడంసో డ్యామ్ గేటు ముందు కెంకే అనే మొక్కజొన్న ముద్దలు అమ్మే బండి దగ్గరికి ఒక యువతి వచ్చింది. సీక్రెట్ సర్వీస్ ఏజెంట్ మాన్సా ఓడూరో. చచ్చిపోయిన బెర్నిస్ ఆమెకు స్వయానా పిన్ని.

"షిటో పచ్చడి కారంగా ఉందా?" అంది మాన్సా.

"ఏడిపించేంత," అన్నాడు బండివాడు. కోడ్ సరిపోయింది. ఏప్రన్ కట్టుకున్న ఆ బండివాడు ఆమె చీఫ్, కర్నల్ న్యార్కో.

"విను. గేట్లు నడిపే ప్రోగ్రామ్ రాసింది మీ పిన్ని. ఇవాళే ఇక్కడి కంప్యూటర్‌లో ఎక్కించారు. ఆ ప్రోగ్రామ్ తెరుచుకోవడం లేదు. నాలుగింటిలోగా నడవకపోతే ఒప్పందం ప్రకారం గేట్లు విదేశీ కంపెనీ చేతికెళ్తాయి. ఆ కంపెనీ ముసుగు, లోపలున్నది మీ పిన్నిని చంపించిన సీగల్ ముఠా."

"వెళ్తే?"

"ఎప్పుడు కరెంటు తియ్యాలో, ఏ ఊరు ముంచాలో వాళ్ళు చెప్తారు. మనం తలూపుతాం."

"నా తల ఊగదు చీఫ్. పిన్నిని చంపి, పిన్ని కష్టాన్ని కూడా మింగుతారా? చూస్తాను, ఎలా మింగుతారో!"

కర్నల్ ఒక షిటో సీసా అందించాడు. "మూత తీస్తే పచ్చడి. అడుగు తిప్పితే జామర్. గదిలోంచి ఏ ఫోన్ సిగ్నలూ బయటికి పోదు. లోపల జెరోమ్ ఉన్నాడు, సాయం తీసుకో."

జెరోమ్ కోఫీ అద్దో సీగల్ ముఠాలో చేరి, వాళ్ళ గుట్టు సర్వీస్‌కు చేరవేసే మనిషి. సినిమా హీరోలా ఉంటాడు. సెంటు వాసన అతని కంటే ముందు గదిలోకొస్తుంది.

నెత్తిన కెంకే తట్టతో మాన్సా కంట్రోల్ రూమ్‌లోకి నడిచి, గుర్తింపు కార్డు చూపింది. ఇంజనీర్ ఎనిన్‌ఫుల్ తల పట్టుకుని కూర్చున్నాడు. స్క్రీన్ మీద ఎర్రటి అక్షరాలు: 'క్వేకు ఫ్రేమ్‌వర్క్ దొరకలేదు.'

గేట్లతో మాట్లాడే కోడంతా ఆ ఫ్రేమ్‌వర్క్‌లోనే ఉంది. అది వచ్చి కలవందే ప్రోగ్రామ్ నోరు తెరవదు.

"దిగులెందుకు సార్?" అంటూ జెరోమ్ పెన్ డ్రైవ్ తీశాడు. "మేడమ్ లాప్‌టాప్ ముఠా దగ్గర్నుంచి కొట్టుకొచ్చాను. అసలు క్వేకు ఇందులో ఉంది."

పెట్టారు. లోడయింది. స్క్రీన్ పచ్చబడింది. ఎనిన్‌ఫుల్ చప్పట్లు కొట్టాడు. మాన్సాకూ ప్రాణం లేచొచ్చింది. అయినా అలవాటు కొద్దీ ఆ ఫ్రేమ్‌వర్క్ వివరాలు తెరిచింది. తయారైన రోజు: శనివారం.

ఆమె ఆ తేదీ మరోసారి చదివింది. వాళ్ళ ఇళ్ళల్లో బిడ్డ ఏ వారం పుడితే ఆ వారం పేరే పెడతారు. బుధవారం మగపిల్లాడు క్వేకు, గురువారం యావ్, శుక్రవారం కోఫీ, శనివారం క్వామె. పిన్ని తన ఫ్రేమ్‌వర్క్‌లకూ అలాగే పేర్లు పెట్టేది. పిల్లలు లేని మనిషి, వాటినే పిల్లలనుకునేది.

"జెరోమ్, తేదీ ఆమె చావుకు ముందుకి దిద్దారు గానీ, మా పిన్ని శనివారం పుట్టినవాడికి క్వేకు అని పేరు పెట్టదు. ఎవరు కన్నారు వీణ్ణి?"

జెరోమ్ నవ్వాడు. "ఇప్పుడెందుకమ్మా ఆ గొడవ? గేట్లు మావాళ్ళ చేతిలోకి వెళ్ళిపోయాయి." ఫోన్ ఎత్తాడు. దూరంగా మొదటి గేటు మూలిగి కదిలింది.

మాన్సా సీసా అడుగు తిప్పింది. ఫోన్ మూగబోయింది, గేటు ఆగింది. జెరోమ్ పిస్తోలు తీసేలోపు ఆమె మూత తీసి సీసాడు షిటో అతని కళ్ళలో కొట్టింది. హీరో కాస్తా గొల్లుమన్నాడు. ఎనిన్‌ఫుల్ బస్తా మీద కూర్చున్నట్టు అతని మీద కూర్చున్నాడు.

మాన్సా దొంగ క్వేకును చెరిపేసింది. మళ్ళీ ఎర్రటి అక్షరాలు. నాలుగవుతోంది.

"అసలుది ఎక్కడుందో!" అన్నాడు ఎనిన్‌ఫుల్.

ప్రోగ్రామ్ ప్యాకేజీ మాన్సా విప్పి చూసింది. క్వేకు లోపలే ఉంది! తయారైన రోజు పోయిన వారపు బుధవారం. కానీ ప్రోగ్రామ్‌లో రాసున్న చిరునామా పిన్ని లాప్‌టాప్‌లోని ఫోల్డర్‌ది. తన మెషిన్‌లో నడిచింది కదా అని పిన్ని ఆ చిరునామా మార్చడం మరిచిపోయింది. మాన్సా కళ్ళు చెమర్చాయి.

"వెర్రి పిన్నీ," అనుకుంటూ ఒక్క లైను కొట్టింది. బయటెక్కడా వద్దు, నీ ఇంట్లోనే వెతుక్కో అని ప్రోగ్రామ్‌కు చెప్పే లైను.

గోడ మీది లాండ్‌లైన్ స్పీకర్‌లో కంపెనీ ప్రతినిధి గొంతు. "టైమైపోయింది మిస్. మా ఇంజనీర్లు బయల్దేరారు."

స్క్రీన్ పచ్చబడింది. మొదటి గేటు బుద్ధిగా కిందికి దిగింది.

"వెనక్కి తిరగమనండి," అంది మాన్సా. "మా ఇంటి వస్తువు మా ఇంట్లోనే దొరికింది. ఇంకోసారి మా గుమ్మం తొక్కితే గేటు కాదు, మీ కంపెనీయే మూతపడుతుంది!"

కర్నల్ మనుషులతో వచ్చి జెరోమ్‌కు సంకెళ్ళు వేశాడు. "పేరు కోఫీ అంటున్నాడు. నమ్మొచ్చా?"

"ఇన్నాళ్ళూ అబద్ధాలే చెప్పినవాడు, ఏ వారం పుట్టాడో ఎవరికి తెలుసు? జైల్లో ఇవాళ, గురువారమే పుడుతున్నాడుగా, యావ్ అని రాసుకోండి."

ఎనిన్‌ఫుల్ అప్పటికే తట్టలోంచి కెంకే విప్పుకున్నాడు. "షిటో ఏదమ్మా?"

"మొత్తం యావ్‌కే వడ్డించేశాను సార్. ఈ పూటకి ఉత్తదే తినండి."