తమ్ముడు తెచ్చిన ఇసుక

వెళ్ళేది చిన్నకోడలు. సంచి సర్దుతున్నది మాత్రం పెద్దకోడలు! చిన్నకోడలు మంచం అంచున కూర్చుని, పిల్ల గౌనుకి ఊడిన గుండీ ఒకటి చేతిలో పట్టుకుని, అది ఏ గౌనుదో గుర్తు రాక అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆమెకి ఏ పనీ చేతకావడం లేదు. అందుకని పెద్దకోడలే ఒక్కొక్కటీ మడతపెట్టి సంచిలో పెడుతోంది. పిల్ల బట్టలు పైన ఉండాలి, దారిలో తడుపుకుంటుంది. దుప్పటి పక్కన దూర్చాలి, బస్సులో చలి. జ్వరం మందు సీసా మూత బిగించి, గుడ్డ చుట్టి... జ్వరం వస్తే తడిగుడ్డతో ఒళ్ళు తుడవడం మరిచిపోవద్దని చెబుదామనుకుంది. చెప్పకుండానే సీసాని బట్టల మధ్య దూర్చింది. ఇంతవరకూ ఆ పిల్లకి జ్వరం వచ్చిన ఏ రాత్రీ తల్లి పక్కన పడుకోలేదు మరి. పెద్దమ్మ పక్కనే!

అత్తమామలు పోయి చాలాకాలమైనా వీధిలో అందరికీ ఆమె పెద్దకోడలే. ఆమె కాపురానికి వచ్చేనాటికి మరిది కుడికాలి చెప్పు ఎడమకాలికి వేసుకుని తిరిగే పిల్లాడు. అన్నం కలిపి పెట్టింది ఆమె, బడికి పంపింది ఆమె, లారీ తోలతానని పట్టుబడితే భర్త కాళ్ళావేళ్ళా పడి ఒప్పించింది ఆమె. ఆమెకి పిల్లలు పుట్టలేదు. ఆ లోటు మరిది చిన్నతనంలో తెలియలేదు, మరిదికి కూతురు పుట్టాక గుర్తే రాలేదు. ఆ కూతురిని అందరూ పిడుగు అంటారు. పిడుగు అమ్మా అని పిలిస్తే ఇద్దరు పలుకుతారు.

పెద్దకోడలి భర్త మేస్త్రి. తమ్ముడు ఇసుక తోలి తెస్తే అన్న గోడలు కట్టేవాడు. "ఆ ఇంట్లో పెద్దోడు సిమెంటు, చిన్నోడు ఇసుక, కలిపి ఉంచే నీళ్ళు పెద్దకోడలు" అని వీధి చివర చెప్పులు కుట్టే ముసలాయన నవ్వేవాడు. ఆ మాట వింటే ఆమెకి పొంగూ, భయమూ రెండూ కలిగేవి. ఇంత సఖ్యత ఎవరి కళ్ళనైనా పడుతుందేమోనని.

జీవితమంతా ఎవరెవరికో ఇళ్ళు కట్టిన మేస్త్రి చివరికి తన ఇంటి మీద తమ్ముడి కోసం రెండు గదులు లేపాడు. గోడలు లేచాయి. చెక్కలు పరిచి, కింద కర్రలు నిలబెట్టి, పైన ఇనుపచువ్వలు అల్లి, ఒక ఉదయం స్లాబు పోత మొదలుపెట్టారు. మొదలుపెట్టిన స్లాబు మధ్యలో ఆపకూడదు. ఆపితే ముందు పోసినదీ తరువాత పోసినదీ అతకవు, ఆ గీత వెంట నీళ్ళు దిగుతాయి. అందుకని మేస్త్రి ఆ రోజు అన్నానికి కూడా కిందికి దిగలేదు. మధ్యాహ్నం దాటాక ఇసుక చాలదని తెలిసింది. "ఎక్కడనుంచైనా సరే, పని ఆగకూడదు" అని పైనుంచి కేక వేశాడు. తమ్ముడు లారీ తీసుకుని పరుగెత్తాడు. కూలీలు తట్టలు బోర్లించుకుని కూర్చునేలోపు ఎలాగో తిరిగి వచ్చాడు! పాత కుప్ప మీదే కొత్త ఇసుక దించేశాడు. కాంక్రీటు కలిపే మిషను ఆగలేదు. పొద్దువాలేసరికి స్లాబు పూర్తయింది. అన్నదమ్ములిద్దరూ సిమెంటు చేతులతోనే ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నిలబడ్డారు. పెద్దకోడలు కింద నిలబడి చూసింది... ఆ సాయంత్రం ఆమె కోరుకున్నదల్లా ఇంక ఏమీ జరగకుండా ఉండాలనే.

మేస్త్రికి ఒక అలవాటు ఉంది. ఎవరు తెచ్చిన ఇసుకైనా అరచేతిలో వేసి నలుపుతాడు, మన్ను అంటుతుందేమో చూస్తాడు, చివరికి చిటికెడు నాలుక మీద వేసుకుంటాడు. "ఉప్పు సరిపోయిందా మేస్త్రీ" అని ఇళ్ళవాళ్ళు ఆటపట్టించేవారు. ఉప్పు తగిలిన ఇసుకతో కాంక్రీటు కలిపితే లోపలి చువ్వలు మెల్లగా తుప్పు పడతాయి, ఏళ్ళు గడిచాక అవి ఉబ్బి స్లాబు పెచ్చులుగా ఊడిపడుతుంది. అందుకే ఆ పరీక్ష. పరాయివాళ్ళ ఇసుక ఏనాడూ రుచి చూడకుండా వాడలేదు. తమ్ముడు తెచ్చిన దానిని మాత్రం ఏనాడూ రుచి చూడలేదు. తోడబుట్టినవాడిని నాలుక మీద వేసి పరీక్షించడమేమిటని!

మర్నాడు స్లాబు మీద నీళ్ళు నిలవడానికి మిగిలిన ఇసుకతో తానే గట్లు కడుతున్నాడు. మోచేత్తో మూతి తుడుచుకున్నాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. వంగి మరికొంచెం తీసి నాలుక మీద వేసుకున్నాడు. ఉమ్మేసి, తమ్ముణ్ణి పైకి పిలిచాడు. నీళ్ళ బిందెతో మెట్ల మీద ఉన్న పెద్దకోడలు అంతా విన్నది.

"ఎక్కడిదిరా ఇది?"

"ఏట్లో లారీలన్నీ ఆపేశారన్నయ్యా. పని ఆగకూడదన్నావు. సముద్రం ఒడ్డున దొరికింది. ఆఖరి మూలకే కదా పడింది!"

"పాత కుప్పలో కలిసిపోయింది. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నువ్వు చెప్పగలవా?"

"తుప్పు పట్టేసరికి నా కూతురికి పెళ్ళయి అత్తారింట్లో ఉంటుందిలే."

మేస్త్రి నవ్వలేదు. "ఈ స్లాబు కింద నీ కూతుర్ని పడుకోబెట్టను. కొట్టేస్తాను" అని మెట్లు దిగిపోయాడు.

మరిది వదిన దగ్గరికి వచ్చాడు. అన్నయ్య తనని కొట్టినా పడతానని, స్లాబు మీద సుత్తి పడితే మాత్రం ఆ చప్పుడు వీధంతా వింటుందని, ఇసుక ఎవరు తెచ్చారో అందరికీ తెలుసునని, ఆ రోజుతో తన లారీని పిలిచేవాడుండడని చెప్పాడు. అన్నయ్య మాట నిలబెట్టడానికే కదా అలా పరుగెత్తాను అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సుత్తి పడ్డరోజు నేనీ ఇంట్లో ఉండను వదినా. ఆయనకి చెప్పు."

చెప్పింది. కాళ్ళు పట్టుకుంది. ఆ గదుల్లో ఎవరినీ పడుకోబెట్టవద్దు, సామాను పెట్టుకుందాం, తాళం వేసి ఉంచుదాం, కొట్టడం మాత్రం వద్దని ఏడ్చింది. మేస్త్రి ఆమెని లేవదీసి కూర్చోబెట్టాడు. తాళం వేసిన గదిలోకే పిల్లలు దూరతారని మాత్రం అన్నాడు. అతని మాటలో తప్పేముంది? మరిది బాధలో మాత్రం తప్పేముంది? తప్పు ఎటువైపూ కనబడనప్పుడు ఆడది ఎవరిని బతిమాలుతుంది?

ఆమెకి చేతనైనది ఒకటే మిగిలింది. స్లాబు తడిగా ఉన్నన్నాళ్ళూ కింది కర్రలు తియ్యరు. కర్రలు తియ్యనన్నాళ్ళూ సుత్తివాళ్ళు రారు. అందుకని పొద్దున్నా సాయంత్రం బిందెలు మోసుకెళ్ళి, కూలిపోవలసిన ఆ స్లాబుకి, నిలిచే స్లాబుకి పోసినట్టే నీళ్ళు పోసింది. పోయవలసిన రోజులు అయిపోయాయి. ఇంకా పోసింది! నడుము పట్టేసింది. మేస్త్రి చూస్తూనే ఉన్నాడు, వద్దనలేదు. ఒక సాయంత్రం బిందె తన చేతిలోకి తీసుకుని మిగిలిన నీళ్ళు తనే పోసి, "చాలు, ఇంక ఎండనీ" అన్నాడు. ఆమె అక్కడే తడిలో కూలబడింది.

సుత్తివాళ్ళు వచ్చారు. స్లాబు ఒక పట్టాన విరగలేదు. "ఇంత నీళ్ళు తాగించారేమిటమ్మా, రాయైపోయింది" అని వాళ్ళలో పెద్దవాడు విసుక్కున్నాడు. ఆ చప్పుడులోనే సంచి సర్దడం పూర్తయింది.

గుమ్మంలో సంచి పెట్టారు. బయట ఆటో ఆగి ఉంది. పిడుగు పెద్దమ్మ కొంగు మణికట్టుకి చుట్టుకుని వదలడం లేదు. చిన్నకోడలు ఒక్కొక్క చుట్టూ విప్పుతూ, "అక్కా, నన్ను తిట్టుకోకు" అంది. పైన సుత్తి ఆగింది. మేస్త్రి దిగి వచ్చాడు, తల నిండా తెల్లటి దుమ్ము. ఎవరి ముఖమూ చూడలేదు. వంగి గుమ్మంలోని సంచి చేతిలోకి తీసుకున్నాడు.

ఆటోలో పెట్టి పంపించడానికే తీసుకున్నాడనుకున్నాడు తమ్ముడు. ముఖం నల్లబడింది. "నువ్వు మోయక్కర్లేదన్నయ్యా. పోతూనే ఉన్నాంగా" అని సంచి లాక్కున్నాడు. మేస్త్రి వదిలేశాడు.

కానీ పెద్దకోడలు చూసింది. ఆమె ఒక్కతే చూసింది. సంచి ఎత్తినప్పుడు మేస్త్రి పాదాలు వీధివైపు లేవు... ఇంటిలోపలికి తిరిగి ఉన్నాయి! ఒక అడుగు గడప దాటి లోపల పడింది కూడా. సంచి లోపల పెట్టెయ్యడానికి వచ్చాడు ఆ మనిషి! నోరు విప్పి ఉండమనడం చేతకాక, సంచి తీసుకున్నాడు. ఆమె అరిచింది. అప్పటికే పైన సుత్తి మళ్ళీ పడుతోంది, ఆటో కదిలింది. చెప్పులు లేకుండా వీధి మలుపుదాకా పరుగెత్తింది. వెనక అద్దంలోంచి పిడుగు చెయ్యి ఊపుతూనే ఉంది. ఆటలాగా తానూ ఊపింది, పిల్ల ఏడవకూడదని.

ఆ రాత్రి భర్తనడిగింది, వాడికి చెప్పవచ్చు కదా అని. మేస్త్రి గోడవైపు తిరిగి, "చూశాడుగా" అన్నాడు. వాడు చూడలేదండీ అంది. మేస్త్రి దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

మరిది వేరే ఊళ్ళో ఏటి ఒడ్డున ఇసుక తవ్వించి లారీలకి ఎత్తించే పనిలో చేరాడు. పెద్దకోడలు ఫోను చేసి, అన్నయ్య పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో ఒట్టు పెట్టి చెప్పింది. "ఆ మాట అన్నయ్యని అనమను వదినా. రేపే వస్తాను." ఫోను తీసుకెళ్ళి మేస్త్రి చెవి దగ్గర పెట్టింది. కొత్త స్లాబుకి చువ్వలు కడుతున్నాడు. పనివాళ్ళని దూరంగా పొమ్మని సైగ చేసి, గొంతు సవరించుకున్నాడు. పెద్దకోడలు రెండు చేతులూ జోడించింది.

"ఒరే... అక్కడ ఇసుక ఎలా ఉంది?"

"తియ్యగా ఉందన్నయ్యా."

మేస్త్రి పెదవి ఒకవైపు వంగింది. నవ్వో, ఏడుపో... ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకి తెలియనిది అదొక్కటే. ఇంకేమీ అనలేకపోయాడు. అవతలివైపు కూడా అంతే. ఫోను ఆమె అందుకుంది. వానలు వెళ్ళాక పిల్లని తీసుకుని వస్తామని మరిది అన్నాడు. మేస్త్రి మళ్ళీ పనిలో దిగాడు. కొత్త స్లాబుకి తెప్పించిన ఇసుక ముమ్మారు రుచి చూశాడు. స్లాబు పోశారు. అది నిలిచింది. గదులకి సున్నం వేశారు, పిల్లకి అందేటట్టు కిటికీకి గొళ్ళెం కింద బిగించారు.

చిన్నకోడలు వచ్చింది. పిడుగూ వచ్చింది, ఇప్పుడు ఆ పైగదుల్లోనే ఉంటున్నారు. మరిది తిరిగి రాలేదు. ఆ ఏడు వానలు మొదలైన వారంలో, సాయంత్రంపూట, నానిన ఇసుక ఒడ్డు విరిగి అతని మీద పడింది.