మూలదర్శిని చెప్పిన కారణం

2069 నాటికి కాకినాడలో కంచాలకు నోరొచ్చింది. పెసరట్టు బండి దగ్గర కూడా ప్లేటు పిండిపదార్థం లెక్క చెప్పాకే మనిషి నోరు తెరవాలి. ఇంత చేసినా జనం రక్తంలో చక్కెర మాత్రం మాట వినలేదు. అందుకే శాస్త్రవేత్త లిఖిత మూలదర్శినిని కనిపెట్టింది.

అది బియ్యపు గింజంత సెన్సర్. ముంజేతి చర్మం కింద పెడితే గ్లూకోజుతో పాటు తిండి, నిద్ర, నడక, మందులు, ఒత్తిడి హార్మోన్లు అన్నీ గమనిస్తుంది. చక్కెర పెరిగిన ప్రతిసారీ ఎందుకు పెరిగిందో కారణం పేరుతో సహా చెబుతుంది. త్వరలో కోటి మందికి అమర్చబోతున్నారు. మొదటి గింజ మాత్రం నాలుగు నెలలుగా ఆమె భర్త, రిటైరైన డ్రాయింగ్ మాస్టారు శశాంక్ చేతిలో ఉంది. అతని కుడి పాదం మీద పుండు మానడం లేదు. ఇంకో పది రోజుల్లో చక్కెర దిగకపోతే పాదం తీసేయక తప్పదని సర్జన్ తేల్చి చెప్పాడు.

లిఖిత ఏ లోటూ చేయలేదు పాపం. కొర్రన్నం తూచి పెట్టింది, మాత్రలు చేతిలో వేసి మింగేదాకా నిలబడింది, గంటకోసారి ఫోన్ చేసింది. అయినా అంకె మూడు వందల దగ్గరే తిష్ఠ వేసింది.

ఆ ఉదయం ల్యాబ్‌లో, గింజ పంపే లెక్కలన్నీ చేరే యంత్రాన్ని నిలదీసింది.

"దొంగతనంగా ఏం తింటున్నాడు?"

"ఏమీ తినడం లేదు," అంది మూలదర్శిని. "మందులు తప్పలేదు. నిద్ర సరిపోతోంది. పెరుగుదలలో ఎక్కువ భాగం ఒత్తిడి వల్ల. 'ఏం తిన్నావ్?' అని మీరు అడిగిన ప్రతిసారీ ఆయన ఒంట్లో ఒత్తిడి హార్మోను కార్టిజాల్ ఎగబాకుతోంది, కాలేయం చక్కెర వదులుతోంది. మీరు సదస్సుకు వెళ్లి ఫోన్ చేయని తొమ్మిది రోజులూ అంకె నూట అరవై దాటలేదు."

లిఖితకు అవమానంతో ఒళ్లు మండిపోయింది. ఇదంతా ఎవరి కోసం చేసింది?

"'ఇంట్లోవాళ్లు' అన్న కారణాన్ని జాబితాలోంచి తీసెయ్."

"తీసేస్తే మిగిలినవాటిలో దేనికో ఒకదానికి అంటగట్టాలి."

"అంటగట్టు."

ఇంటికొచ్చి భర్త ముందు నిలబడింది. "యంత్రం అంతా చెప్పేసింది శశాంక్. దాచకు. ఏం తిన్నావ్?"

ఏమీ తినలేదనబోయి శశాంక్ ఆగాడు. ఆ మాటంటే గొడవ పొద్దుగూకేదాకా తెమలదని అతనికి తెలుసు.

"కాజాలు," అన్నాడు నెమ్మదిగా. "రెండే తిన్నాన్లే. తప్పయిపోయింది."

అతను కాజా ముట్టుకుని ఆరేళ్లయింది.

"నాకు తెలుసు! నాకు ముందే తెలుసు!" అంటూ లిఖిత ఏడ్చేసింది. యంత్రం మాట కన్నా అతని అబద్ధాన్ని నమ్మడం ఎంతో హాయిగా ఉంది.

"మూడు వందల పన్నెండు," అంది అతని ముంజేతిలోని గింజ. "కారణం, రోగి నిర్లక్ష్యం."

ఆ పది రోజులూ లిఖిత సెలవు పెట్టి అతని పక్కనే కూర్చుంది. పదకొండో రోజున సర్జన్ పాదం తీసేశాడు.

ఆ వారమే మూలదర్శిని, లిఖిత మార్పించిన జాబితాతోనే, కోటి చేతుల్లోకి ఎక్కింది. తప్పు తమది కాదని తేలాక, ఇంటింటా రోగి పక్కన కూర్చున్నవాళ్లు హమ్మయ్య అనుకున్నారు.