పొయ్యి లేని గది

మెరిచ్ నదిలో ఏజెంట్ హల్దున్ శవం తేలింది. చంపబడే ముందు అతను పంపిన కబురు ఒక్కటే: "బాంబు మదరసాలోనే."

మదరసాలో ఎక్కడ? అది తేలకే ఏజెంట్ నెజాత్‌కు పిచ్చెక్కుతోంది. సరిహద్దు పట్టణం ఎదిర్నెలో సుల్తానుల నాటి ఆ పాఠశాలకు మరమ్మతులు ముగిశాయి. ఈ మధ్యాహ్నం ఇద్దరు విదేశాంగ మంత్రులు అక్కడే సరిహద్దు ఒప్పందం మీద సంతకాలు చేస్తారు. తాపీమేస్త్రీ వేషంలో నెజాత్ విద్యార్థుల గదులన్నీ గాలించాడు. ప్రతి గదిలోనూ చలిపొయ్యిలో తల దూర్చి చూశాడు. దక్కింది మసి. ట్రాన్సిస్టర్‌లా కనిపించే డిటెక్టర్ ఏ గోడ దగ్గర పెట్టినా కుయ్యిమంటోంది. ఆ కాలపు మేస్త్రీలు రాళ్లను ఇనుప కమ్ములతో బిగించి సీసం పోశారు మరి!

"ఈ డబ్బాని నదిలో పారెయ్యాలి సార్!" అన్నాడు కాలర్ మైకులో.

"టీ చల్లారింది," అన్నాడు చీఫ్ శెఫిక్ బే. ఆపరేషన్ రద్దని దానర్థం. "నీ అనుమానాల కోసం సభ ఆపించలేను. వచ్చెయ్."

"మరి హల్దున్ ఊరికే చచ్చాడా?"

లైన్ తెగిపోయింది. నెజాత్ పళ్లు కొరికాడు.

ముంగిట్లో ఎర్ర స్కార్ఫ్ అందగత్తె నెర్మిన్ అతిథులకు కట్టడం చూపిస్తోంది. శత్రు ముఠాలో ఉంటూ నెజాత్ వాళ్లకు పనిచేసే డబుల్ ఏజెంట్. ఆమె వెనకే ఫొటోగ్రాఫర్ వేషంలో ముఠా మనిషి, కోటు కింద పిస్తోలు. నోరు జారితే ప్రాణం పోతుంది.

ఆమె గొంతు పెంచింది. "పాఠాలన్నీ ఈ పెద్ద గుమ్మటం కిందే జరిగేవి. ఈ గదికి మాత్రం పొయ్యి పెట్టలేదండీ. వెచ్చబడితే పిల్లలు నిద్రపోతారని గురువుగారి భయం!"

అతిథులు నవ్వారు. నెజాత్ తలెత్తాడు. పొయ్యి లేని గదికి పైన పొగగొట్టమెందుకు?

ఇంకా విప్పని పరంజా ఎక్కి, కాళ్లు జారుతున్నా సీసపు రేకుల మీదుగా పరుగెత్తాడు. సుత్తి దెబ్బకు కొత్త ఇటుకలు విరిగాయి. లోపల బాంబు, దానికి కట్టిన గడియారం. కింద మంత్రి పెన్ను మూత తీశాడు. ముల్లు గీత తాకబోతుండగా నెజాత్ వైరు పీకేశాడు.

చప్పుడికి పైకి చూసిన ఫొటోగ్రాఫర్ పిస్తోలు తీశాడు. నెర్మిన్ హీల్ అతని పాదంలో దిగింది. గార్డులు మీద పడ్డారు.

నెజాత్ దిగుతూనే మండిపడ్డాడు. "ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా, నెర్మిన్ హానిమ్!"

"పొద్దుట్నుంచీ వచ్చిన ప్రతి గుంపుకీ అరిచి మరీ చెబుతున్నా, నెజాత్ బే. చరిత్ర పాఠమంటే చాలు, మీకు చెవులు మూసుకుపోతాయి!"